పద్నాలుగో గడి

పెదరేవు పట్టణంలో మనిషినైనా వస్తువునైనా ఏడాదికొకసారి దగ్గరగా చూసి రిజిస్టరులో వర్ణించకపోతే కనపడకుండా పోతుంది కాబట్టి, అక్కడ నీళ్ల పంపుల శాఖ, వీధి దీపాల శాఖలతో పాటు వర్ణన శాఖ కూడా ఉంది. తాలూకాఫీసు వెనకాల రేకుల షెడ్డులో అయిదుగురు గుమాస్తాలు, ఒక సూపరింటెండెంటు కూర్చుని ఊరిని నిలబెడుతుంటారు. ఊరు వాళ్లని పెద్దగా పట్టించుకోదు.

పనికి పద్ధతులున్నాయి. మనిషికి మూరెడు దూరంలో ముక్కాలిపీట వేసుకుని అరగంట చూడాలి. చూసిందే రాయాలి. 'అందంగా', 'చక్కగా', 'ఫరవాలేదు' అన్న మాటలు నిషేధం. పోయినేడాది ఎవరో పోస్టాఫీసు మెట్లు లెక్కపెట్టకుండా 'నాలుగైదు' అని రాస్తే, అయిదో మెట్టు రోజు విడిచి రోజు ఉండటం మొదలెట్టింది. అంతకు ముందెప్పుడో ఒక గుమాస్తా పూనకంలో ఒక టీచరమ్మ ముఖం చంద్రబింబమని రాశాడు. ఆవిడ ఇప్పటికీ అమావాస్యకి అమావాస్యకి సెలవు పెడుతుంది. అప్పట్నుంచీ ఉపమానాలకి ముందస్తు అనుమతి కావాలని సర్క్యులరు వచ్చింది.

ఆ అయిదుగురిలో భీమశంకరం దిట్ట. అతను రాసిన మనుషులు ఏడాది పొడుగునా ఎక్కడా మసకబారరని పేరు. సైకిలు షాపతని గోళ్లలో గ్రీజు ఏ వేలికి ఎంతుందో, మునసబు గారు అబద్ధం చెప్పేటప్పుడు ఏ కన్ను చిన్నదవుతుందో అతను కళ్లల్లో వత్తులేసుకుని చూసి రాసేవాడు. ఊళ్లో ఆడవాళ్లు తమ వంతు వచ్చినప్పుడు 'భీమశంకరం గారినే పంపండి' అని అర్జీలు పెట్టుకునేవారు.

ఉద్యోగి ఇంటివాళ్లని ఉద్యోగే వర్ణించుకోవాలన్నది రూలు. సాటి గుమాస్తా వంటింటి దాకా రావడం మర్యాద కాదు కదా. రిజిస్టరులో మొత్తం పదిహేను గడులు. మొదటి పదమూడూ వీధిలో కనపడే మనిషికి. పద్నాలుగోది 'ఇంటిలో'. ఆఖరిది షరా. భీమశంకరానికి ఇంట్లో ఉన్నది భార్య మాణిక్యాంబ ఒక్కతే. ప్రతి ఏడూ ఊరంతా రాసి, రాసి, మార్చి ముప్ఫై ఒకటిన వేళ్లు కొంకర్లు పోతుండగా ఆవిడ పేజీ తిప్పి, పదిహేను గడులకీ అడ్డంగా ఒకే మాట రాసేవాడు: షరా మామూలే. అంటే పోయినేడాది ఎలాగో ఇప్పుడూ అలాగే అని. పోయినేడాది పేజీ తిరగేస్తే అక్కడా అదే మాట. దాని ముందేడూ అదే. అలా పంతొమ్మిదేళ్లు వెనక్కి వెళితే, పెళ్లయిన ఏడాది రిజిస్టరులో రెండున్నర పేజీల వర్ణన ఉంది. మాణిక్యాంబ ఇన్నాళ్లూ ఆ రెండున్నర పేజీల మీదే బతుకుతూ వచ్చింది.

జనవరిలో పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. పదేళ్లు దాటిన వర్ణనలు ఇకమీదట చెల్లవు. వాటి మీద ఆధారపడ్డ 'మామూలే'లూ చెల్లవు. భీమశంకరం ఆ మెమోని చదివి, సంతకం పెట్టి, ఫైల్లో కుట్టాడు.

వారం తిరిగేసరికి మాణిక్యాంబ అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, నా చేతులు కనపడ్డం లేదు. మీ ఆఫీసులో ఏమైనా పొరపాటు జరిగిందేమో కనుక్కుంటారా?" అంది.

"కనుక్కుంటాలే," అన్నాడు భీమశంకరం. అతను పేపరు చదువుతున్నాడు. గరిటె దానంతటదే పళ్లెం మీదికి వచ్చి వెళ్లింది. చారు చల్లారిపోలేదు గనక అతనికి తేడా తెలియలేదు.

శాఖ నియమం ప్రకారం అయిదు రోజులకొక గడి చొప్పున చెల్లిపోతుంది. చేతుల తర్వాత పాదాలు, పాదాల తర్వాత జుట్టు. ఆవిడ రెండు మూడు సార్లు గుర్తు చేసింది. అతనికి ఆ ఏడు నాలుగువందల పన్నెండు మంది బాకీ ఉన్నారు, మార్కెట్టు సెంటరు కొత్తగా చేర్చారు. తలప్రాణం తోకకొస్తోంది. నీ పని ఇంట్లో పనే కదా, ఆదివారం చూద్దాం అనేవాడు. ఆదివారాలు వచ్చి వెళ్లాయి.

మార్చి రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో గొంతు మాత్రమే ఉంది. అతనికి అప్పటికి తెలిసింది. పరుగున వెళ్లి ముక్కాలిపీట తెచ్చుకుని, గొంతుకి మూరెడు దూరంలో వేసుకుని కూర్చున్నాడు.

"ఏమిటలా చూస్తారు?" అంది గొంతు. అందులో సిగ్గుంది.

"నీ కళ్లు ఏ రంగు?"

"నాకెలా తెలుస్తుందండీ? నన్ను నేను చూసుకుంటానా. మీకు తెలియాలి."

భీమశంకరం కలం తీశాడు. మునసబు గారి కళ్లు గుర్తొచ్చాయి. సైకిలు షాపతని కళ్లు గుర్తొచ్చాయి. ఊళ్లో ఆరువేల జతల కళ్లు వరసగా వచ్చాయి గానీ, కావలసిన జత రాలేదు. అతనికి ఏడుపొచ్చింది. మర్నాటికి కంఠస్వరం గడి కూడా చెల్లిపోయింది.

సూపరింటెండెంటు దేవదానం గారు నెమ్మదస్తుడు. సంగతంతా విని, రికార్డు గది తాళం ఇచ్చాడు. "పాత వర్ణన మళ్లీ ఎక్కించుకోవచ్చండి. రూలు ఒప్పుతుంది. కాకపోతే ఒక్క మాట. వచ్చేది అప్పటి అమ్మాయే. ఇప్పటావిడ కాదు."

భీమశంకరం దుమ్ము దులిపి ఆ రెండున్నర పేజీలూ చదివాడు. నవ్వేముందు కింది పెదవి కొరుక్కునే పిల్ల. కుడి కనుబొమ చివర ఆవగింజంత మచ్చ. గుమ్మం దాటేటప్పుడల్లా తల వంచే అలవాటు, తలుపు తన కంటే రెండడుగుల ఎత్తున్నా సరే. ఆ పిల్ల వస్తే నలభై ఎనిమిదేళ్ల తనను చూసి, నమస్కారమండీ అని పక్కకి తప్పుకుంటుంది. అది ఒక భయం. ఇంకొకటి, పంతొమ్మిదేళ్లుగా తన ఇంట్లో ఉన్న మనిషి అప్పుడిక ఎప్పటికీ రాదు. ఆవిడే తనకి కావాలి. ఎలా ఉంటుందో తెలియకపోయినా ఆవిడే కావాలి. రిజిస్టరు యథాస్థానంలో పెట్టి తాళం వేశాడు.

ఉద్యోగికి చూసే వీలు లేనప్పుడు సాక్షుల చేత రాయించవచ్చని ఒక రూలుంది. అతను వీధిలోకి వెళ్లాడు.

కూరగాయల బండి పోలమ్మ తక్కెడ పక్కన పెట్టి కూర్చుంది. "అమ్మగారా? ఎందుకు తెలవదండి బాబూ! వంకాయ తీసుకుని ముచ్చిక కాడ గోరుతో గిల్లి చూత్తారండి. మాటాడేముందు కుడి చెవెనకాల జుట్టు సద్దుకుంటారండి. మనసు బాగుంటేనే లెండి. బాగోకపోతే సద్దుకోరు."

"ఈ మధ్య సర్దుకుంటోందా?"

"లేదండి. ఆరేడేళ్లయిపోయుంటదండి."

జాకెట్లు కుట్టే గౌసియా టేపు మెళ్లో వేసుకునే చెప్పింది. "ఎడం భుజం కుడి భుజం కన్నా అరంగుళం కిందికుంటుంది సార్. బిందె అటు మోస్తారు కదా. అందుకే ఎడం చెయ్యి ఎప్పుడూ కొంచెం పొడుగు పెట్టి కుడతాను." భీమశంకరం రాసుకున్నాడు. ఇంట్లో నీళ్లు బిందెతో వస్తాయన్న సంగతి కూడా రాసుకోవలసి వచ్చింది.

ఊరి గ్రంథాలయం అటెండరు చెప్పింది మరీ వింత. ఆవిడ గురువారం గురువారం వచ్చి కిటికీ పక్కన కూర్చుంటుందట. ఏ నవలైనా ముందు ఆఖరి పేజీ చదివి, బాగుంటేనే మొదలుపెడుతుందట. కళ్లు తేనె రంగని, ఎండ పడితే ఇంకా పల్చబడతాయని అటెండరు తడుముకోకుండా చెప్పాడు. గురువారాలు తన ఇంట్లో రాత్రి వంట సాయంత్రం అయిదింటికే ఎందుకు పూర్తవుతుందో భీమశంకరానికి ఆనాడు తెలిసింది.

మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రానికి పదమూడు గడులూ నిండాయి. సాక్షుల సంతకాలూ, పోలమ్మ వేలిముద్రా పడ్డాయి. పద్నాలుగో గడికి సాక్షి తనొక్కడే. భీమశంకరం పొద్దుటి నుంచీ దాని ముందు కూర్చున్నాడు. బల్ల మీద పెట్టిన కాఫీ గ్లాసు గుర్తొస్తోంది, పెట్టిన చెయ్యి రావడం లేదు. మడత పెట్టిన బట్టలు గుర్తొస్తున్నాయి. మడత పెడుతున్న మనిషి లేదు. కల్పించి రాయవచ్చు. కానీ అతను ఆ ఊళ్లో కల్పించి రాయని ఒకే ఒక్క గుమాస్తా. పైగా కల్పించింది ఇంట్లో తిరిగితే దాన్ని మాణిక్యం అని పిలవగలడా?

"గీత పెట్టకూడదండి. ఏదో ఒకటి రాయాలి. నేను లక్క కరిగించేశాను," అన్నాడు దేవదానం గారు.

భీమశంకరం చూసింది రాశాడు: 'ఇంటిలో: నాకు కనపడలేదు.' సీలు పడింది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ వచ్చింది. పోలమ్మ కేక విని అతను వీధరుగు మీదికి పరుగెత్తాడు. ఆవిడ వంకాయ ముచ్చిక గిల్లి చూస్తోంది. ఎడం భుజం అరంగుళం కిందికుంది. కళ్లు తేనె రంగువే. కూరలు సంచీలో వేసుకుని గేటు తీసి, గుమ్మం దగ్గర తల వంచి లోపలికి అడుగుపెట్టింది. పెట్టిన పాదం నుంచి పైదాకా ఆవిడ లేకుండా పోయింది. కాసేపటికి లోపల పోపు వేగింది.

అప్పట్నుంచీ భీమశంకరం ఆఫీసుకి అరగంట ఆలస్యంగా వెళుతున్నాడు. రోజూ బండికి ఎదురుగా నిలబడి కళ్లప్పగించి చూస్తాడు. మూడో వారంలో ఆవిడ తలెత్తి, "ఇక్కడేం చేస్తున్నారు? ఆఫీసుకి టైమవలేదూ?" అంది.

"నిన్ను చూస్తున్నాను," అన్నాడు.

ఆవిడ చెయ్యెత్తి కుడి చెవి వెనకాల జుట్టు సర్దుకుని, లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడాది అతను ఆవిడ పదమూడు గడులకీ నాలుగు పేజీలు రాశాడు. పద్నాలుగో గడి సంగతి దేవదానం గారిని అడిగాడు. "ఇంట్లో కనపడాలంటే రాసి ఉండాలండి. రాయాలంటే కనపడాలి. మరెలాగ?" అన్నాడాయన, అద్దాలు తుడుచుకుంటూ. "మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఇంతే. వేళకి భోజనం వస్తుంది. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత తెలియదండి."

మళ్లీ ఏప్రిల్లో కొత్త రిజిస్టర్లు వచ్చాయి. పట్టణంలో ఎక్కువ ఇళ్లకి 'ఇంటిలో' గడి 'మామూలే' అనో 'కనపడలేదు' అనో ఉంటున్నందున, పనిభారం తగ్గించే నిమిత్తం దాన్ని తీసేశారు. ఇప్పుడు పద్నాలుగే గడులు. గుమాస్తాలు సంతోషించి టీ తెప్పించుకున్నారు.

ఆ సాయంత్రం భీమశంకరం ఇంటికి వచ్చి, ముక్కాలిపీట వంటింటి గుమ్మానికి మూరెడు దూరంలో వేసుకుని కూర్చున్నాడు. కాఫీ గ్లాసు గాలిలో వచ్చింది. బల్ల మీద దిగే ముందు, అతని ఎదురుగా, అరక్షణం ఆగింది. ఆ ఆగడం ఇరవయ్యేళ్లుగా ఉందో, కొత్తగా వచ్చిందో అతనికి తెలియదు. కలం తీసి రిజిస్టరు తెరిచాడు. దాన్ని రాయడానికి గడి లేదు. కాఫీ చల్లారకముందే తాగేశాడు.