మురిస్తాన్ బోర్డు మార్పించిన మొనగాణ్ణి

పేరు మారిస్తే జబ్బు సగం నయం! నవ్వకండి. కైరోలో ఈ సంగతి కనిపెట్టింది నేనే.

వెనకటికి సుల్తానుల కాలంలో మురిస్తాన్ అంటే మామూలు ఆసుపత్రే. జ్వరమొచ్చినా, కాలు విరిగినా అక్కడికే. నిద్రపట్టని రోగికి పాటలు కూడా వినిపించేవారట! పోనుపోను మతి చెడినవాళ్లకే ఆ పేరు మిగిలింది. ఇప్పుడు? పిల్లలు గోల చేస్తే మా ఆవిడ, "ఇది ఇల్లా, మురిస్తానా?" అంటుంది. బంగారం లాంటి మాట తిట్టయిపోయింది!

ఊరుకుంటానా? "మానసిక ఆరోగ్య వికాస కేంద్రం" అనాలని మా పత్రికలో పదకొండు వ్యాసాలు దంచాను. బోర్డు మారింది. మా సంపాదకుడు సొంత డబ్బుతో టీ ఇప్పించాడు. అంతకంటే అద్భుతం ఉంటుందా?

మొన్న శుక్రవారం బస్‌బూసా మిఠాయి పొట్లంతో టాక్సీ ఎక్కి, కొత్త పేరు దర్జాగా చెప్పాను.

"అదేంటి పాషా, జిమ్మా?" అన్నాడు డ్రైవరు. టాక్సీ ఎక్కినవాడల్లా ఇక్కడ పాషాయే, అంటే దొరే!

మూడుసార్లు చెప్పి, చివరికి గొంతు తగ్గించి, "మురిస్తాన్" అన్నాను.

"ఓస్, అలా చెప్పొచ్చుగా! అక్కడెవరున్నారేంటి?"

"ఎవరూ లేరు. వ్యాసం కోసం."

పచ్చి అబద్ధం. అక్కడ నా తమ్ముడు నజ్మీ ఉన్నాడు, మూడేళ్లుగా. వీధిలో మాత్రం కువైట్‌లో ఉన్నాడని చెప్పాను. నయమైంది, ఇంటివాళ్లు సంతకం పెట్టి తీసుకుపోవచ్చని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైంది. ఎలా తెస్తాను చెప్పండి? కువైట్ నుంచి వచ్చినవాడు దుప్పట్లు, మిక్సీ లేకుండా దిగితే పక్కింటి ఉమ్ వగ్దీ ఊరుకుంటుందా? "ఒరే నజ్మీ, నాకేం తెచ్చావురా?" అని మెట్ల మీదే నిలదీయదూ!

నజ్మీని గేటు దాకా నడిపించి బోర్డు చూపించాను. "చూశావా, అంతా మీ అన్నయ్య చలవే!"

వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. వేలికంటిన పాకం తుడుచుకున్నాడు.

"బాగుంది అన్నయ్యా. మరి మనింటినేమంటున్నారిప్పుడు? ఇల్లనేనా?"

నాకు సిగ్గేసింది. పదకొండు వ్యాసాలు రాసిన పెన్ను జేబులోనే ఉంది, సంతకానికి ఒక్క గీత చాలు. గీయలేదు. ఇంటికొచ్చి, అదే పెన్నుతో ఈ పన్నెండోది రాస్తున్నాను.