ఆరుగురి లిఫ్టులో త్యాగమూర్తి

ఏడాది చివరి రోజు పొద్దున్నే పెద్ద మెకానిక్ అద్దం ముందు నిలబడి దిగులు ముఖం పెట్టడం సాధన చేస్తున్నాడు. లోపల మాత్రం మనసు ఈల వేస్తోంది. లిఫ్టులు బాగుచేసే వాళ్ళ కంపెనీకి ఆ రోజు సెలవు. కానీ ఊళ్ళో లిఫ్టులకు సెలవుండదు కాబట్టి ఒక మెకానిక్ ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చోవాలి. ఆ కూర్చునే మనిషి ఈసారి తనే.

నిజానికి వంతు రెండో మెకానిక్‌ది. అతనికి రెండు నెలల పాప. పది రోజుల కిందట పెద్ద మెకానిక్ అందరి ముందూ గొంతు సవరించుకుని, "పసిబిడ్డ తండ్రివి, నువ్వు ఇంట్లో ఉండు నాయనా. నీ డ్యూటీ నేను చేస్తాను," అన్నాడు. రెండో మెకానిక్ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. అది చూసి మేనేజర్ మేడమ్ కూడా కళ్ళు తుడుచుకుంది. సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద ఆయన ఫోటో, దాని పైన "మనలో ఒక త్యాగమూర్తి" అనే శీర్షిక వెలిశాయి.

అసలు సంగతి వేరు. సెలవులకు తోడల్లుడు దిగుతున్నాడు. తోడల్లుడు మంచివాడే, ఒకరికి అపకారం తలపెట్టిన మనిషి కాదు. ఫోటోలు తీస్తాడు, అంతే. ఈ ఏడాది తిరిగిన తిరుగుళ్ళకు తొమ్మిది వందల నలభై పోగయ్యాయి. ఒక్కో ఫోటోకూ ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో, ఫోటోలో పడకుండా పోయిందేమిటో చెబితే గానీ రెండోదానికి కదలడు. పోయిన ఏడాది ఒక్క వంతెన దగ్గరే భోజనాల వేళ దాటిపోయింది.

ఇటు చూస్తే పెద్ద మెకానిక్ మూడు నెలలుగా ఒక అపరాధ పరిశోధన నవల చదువుతున్నాడు. ఇంకా నలభై పేజీలున్నాయి. ఇంట్లో ఆయన పుస్తకం తెరిస్తే చాలు, భార్యకు అటకమీది సామాను గుర్తొస్తుంది. అదే ఆఫీసు డ్యూటీ గదిలో అయితే పడక కుర్చీ ఉంది, కిటికీలోంచి ఎండ పడుతుంది, సెలవు రోజు ఫోన్ రెండుసార్లకు మించి మోగదు. హంతకుడెవరో ఈ ఏడాదిలోనే తేల్చుకోవాలని ఆయన కంకణం కట్టుకున్నాడు. అందుకే ముందు రోజే పనిముట్ల సంచి ఖాళీ చేసి, పానాలు, స్క్రూడ్రైవర్లు, లిఫ్టు తలుపులు తీసే తాళంచెవి అన్నీ డ్యూటీ గది సొరుగులో పడేశాడు. సంచిలో నవల, మెత్తటి చెప్పులు, చిన్న దిండు సర్దుకున్నాడు.

"చుట్టాల్ని వదిలి వెళ్ళాలంటే కాళ్ళాడటం లేదే," అన్నాడు గుమ్మంలో.

"తెలుసండీ," అంది భార్య. ఆవిడ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "మేడమ్ ఫోన్ చేసి మీ గురించి అంతా చెప్పారు. ఇన్నేళ్ళూ మీకు మీ సుఖం తప్ప ఇంకేం పట్టదనుకున్నాను. ఏమీ అనుకోకండి."

ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. వీధి మలుపు తిరిగేసరికి తగ్గిపోయింది.

పదకొండు గంటలకు ఇంకా ముప్పై ఏడు పేజీలు మిగిలి ఉన్నాయి. కథలో డిటెక్టివ్ పనివాళ్ళందరినీ హాల్లోకి పిలిచి తలుపు గడియ పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఒకసారి కిందికి రండి," అంది మేడమ్. "మీకో ఆశ్చర్యం."

డ్యూటీలో ఉన్నవాడి భుజం మీంచి సంచి దిగకూడదన్నది మేడమ్ పెట్టిన నియమం. ఆయన చెప్పులు, దిండు, నవల గబగబా సంచిలో కుక్కి, భుజాన తగిలించుకుని మూడో అంతస్తు నుంచి లిఫ్టులో దిగాడు. కింద మేడమ్ పక్కన భార్య భోజనం క్యారియర్‌తో, ఆవిడ అక్కగారు మంచినీళ్ళ సీసాలతో, ఆ అక్కగారి భర్త అయిన తోడల్లుడు ల్యాప్‌టాప్‌తో నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక కంపెనీ స్టోరు చూసుకునే పెద్దాయన ఆరు ఇనుప మడత కుర్చీలు మోసుకొచ్చి రొప్పుతున్నాడు.

"మీరిక్కడ ఒంటరిగా కూర్చుంటే మాకు ముద్ద దిగుతుందా?" అంది భార్య.

"మీరే సెలవు వదులుకున్నప్పుడు నేనెలా ఇంట్లో ఉంటాను?" అంది మేడమ్.

"మా టీవీ పాడైందండీ," అన్నాడు స్టోరు పెద్దాయన, దాపరికం తెలియని మనిషి.

"ఫోటోలు ఒక్కటి కూడా వదలకుండా తెచ్చాను తమ్ముడూ," అన్నాడు తోడల్లుడు. "నువ్వు లేకుండా చూస్తే మాకు మాత్రం ఏం తృప్తి?"

వదినగారు లిఫ్టు వైపు నడిచింది. ఆవిడ ఆ ఫోటోల్ని అప్పటికే నాలుగుసార్లు చూసింది.

లిఫ్టులో "ఆరుగురికి మాత్రమే" అని రాసి ఉంది. మనుషులు ఆరుగురే. కుర్చీలు ఇంకో విడతలో పంపిద్దామంది మేడమ్. పెద్ద మెకానిక్‌కు అప్పటికే ఒళ్ళు మండుతోంది. ఎంత త్వరగా తెమిలితే అంత మంచిదనుకుని, "మన లిఫ్టేగా మేడమ్, ఏం కాదు, కుర్చీలతో సహా ఎక్కండి," అన్నాడు. బరువెక్కువైతే మోగవలసిన గంట మోగలేదు. ఊరికే గోల పెడుతోందని ఎండాకాలంలో దాని తీగ పీకేసింది ఆయనే. ఊళ్ళోవాళ్ళ లిఫ్టులకు నెలనెలా తైలాభ్యంగనం చేసే ఆ కంపెనీలో సొంత లిఫ్టు సంగతి మాత్రం రెండేళ్ళుగా "రేపు చూద్దాం"గానే ఉంది.

రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

"ఎవరూ కంగారు పడకండి," అంది మేడమ్. "మెకానిక్ మనతోనే ఉన్నాడు."

"తాళంచెవి తీయండి మరి," అంది భార్య.

ఆయన సంచిలో చేయి పెట్టి వెతుకుతున్నట్టు నటించసాగాడు. "ఇలా తెండి, మీకు ఎదురుగా ఉన్నది కూడా కనబడదు," అని ఆవిడ సంచి లాక్కుని బోర్లించింది. దిండు పడింది. చెప్పులు పడ్డాయి. చివరికి నవల పడి, గుర్తు పెట్టుకున్న పేజీ దగ్గరే తెరుచుకుంది.

"పానాలేవి?"

"సొరుగులో ఉన్నాయి."

భార్య దిండును కాసేపు చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. "బయటికి వెళ్ళాక మాట్లాడుకుందాం," అంది.

మేడమ్ నోటీసు బోర్డు గుర్తొచ్చి కళ్ళు మూసుకుంది. తోడల్లుడు నవల ఎత్తి, దుమ్ము దులిపి, "ఇదా తమ్ముడూ, రైల్లో చదివాను. తోటమాలే చంపాడు," అని ఆప్యాయంగా అందించాడు.

పెద్ద మెకానిక్ ప్రమాద మీట నొక్కాడు. పైన ఎక్కడో ఫోన్ మోగడం అందరికీ చక్కగా వినిపించింది.

"ఎవరూ ఎత్తరేమండీ?" అన్నాడు స్టోరు పెద్దాయన.

"ఎత్తాల్సింది నేనే," అన్నాడు పెద్ద మెకానిక్.

ఆ ఇనుప పెట్టెలో సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. డ్యూటీ గదిలో పదిసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే ఆ పిలుపు రెండో మెకానిక్ సెల్‌కు మళ్ళేలా ఏర్పాటుంది. "పాపం, పసిదాన్ని వదిలి పరిగెత్తుకు రావాలి," అంది వదినగారు. పెద్ద మెకానిక్‌కు నిజంగానే సిగ్గేసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కుర్చీల మధ్య దానికి చోటు కూడా లేదు. తోడల్లుడు మాత్రం ఎలాగూ ఖాళీయే కదా అని ల్యాప్‌టాప్ తెరిచాడు. యాభై నిమిషాల్లో ముప్పై ఎనిమిది ఫోటోలు అయ్యాయి.

పైనుంచి తలుపు తెరుచుకుని రెండో మెకానిక్ ముఖం కనిపించింది. ఆ ముఖం వెలిగిపోతోంది. అందరూ ఇనుప కుర్చీలెక్కి ఒకరి తర్వాత ఒకరు మూడో అంతస్తు గచ్చు మీదికి పాకారు. అందరికన్నా ఆఖర్న వచ్చిన పెద్ద మెకానిక్ అతని చేయి పట్టుకున్నాడు.

"నన్ను క్షమించు నాయనా. సెలవు పూట నిన్ను లాక్కొచ్చాను."

"భలేవారే గురువుగారూ," అన్నాడు అతను గొంతు తగ్గించి. "రెండు నెలల్నుంచి నేను ఏకధాటిగా గంట నిద్రపోలేదు. ఆ పడక కుర్చీలో ఒక్క పూట పడుకోవచ్చు కదా అని ఈ డ్యూటీ కోసం రోజులు లెక్కపెట్టుకున్నాను. అది కాస్తా మీరు తీసేసుకున్నారు. అంతమందిలో వద్దనలేక ఏడుపొచ్చేసింది. ఇవాళ ఇంట్లో పాప దగ్గర మా అత్తగారున్నారు. సాయంత్రం దాకా నాకోసం ఎవరూ చూడరు." అతని కళ్ళు డ్యూటీ గది వైపే పోతున్నాయి.

పెద్ద మెకానిక్ కూడా అటు చూశాడు. ఎండ సరిగ్గా కుర్చీ మీదే పడుతోంది. ఆయన దిండు దులిపి కుర్చీలో పెట్టాడు, మెత్తటి చెప్పులు కుర్చీ కింద ఉంచాడు, సొరుగులోంచి పానాలు తీసి సంచిలో వేసుకున్నాడు. ఫోన్‌ను పొడుగు తీగతో సహా గది బయటికి తెచ్చాడు.

"ఎవరు ఫోన్ చేసినా నేనే వెళ్తాను. నువ్వు పడుకో," అని తలుపు దగ్గరగా వేశాడు. ఆయన వెనక్కి తిరిగేలోపే లోపల గురక మొదలైంది.

తోడల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "ఈ గదిలో కూర్చుందాం తమ్ముడూ, వెలుతురు బాగుంది."

"వద్దు అన్నయ్యగారూ. మెట్ల మీద కూర్చుందాం. కాస్త మెల్లిగా మాట్లాడండి." పెద్ద మెకానిక్ గుండె రాయి చేసుకున్నాడు. "మొదటినుంచి వేయండి. ఇందాక ఇరుకులో నాకేమీ కనబడలేదు."

తోడల్లుడి ముఖం చాటంత అయింది. అప్పటికే నోటీసు బోర్డు మీది ఫోటో పీకి చేత్తో పట్టుకున్న మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి దాన్ని మళ్ళీ అంటించింది. శీర్షిక మాత్రం చేతిలోనే ఉంచుకుంది. భార్య కంచంలో భోజనం పెట్టి తెచ్చి ఆయన పక్కనే మెట్టు మీద చతికిలబడింది.

"మాట్లాడుకుందామన్నావుగా," అన్నాడాయన, దొరికిపోయిన గొంతుతో.

"ఇప్పుడక్కర్లేదు లెండి. తినండి."

మధ్యాహ్నం మూడింటికి ఫోటోలు నూట పన్నెండు దాకా వచ్చాయి. నూట పదమూడోదాంట్లో ఏదో హోటల్ లిఫ్టు కనిపించింది. దాన్ని మాత్రం పెద్ద మెకానిక్ తనే ఆపించి, ఎంతమందికని రాసుందో జాగ్రత్తగా చదివాడు.