ఎలుగుబంటి రిఫ్రెష్ నొక్కిన రోజు

ఒక పెద్ద అడవిలో జంతువుల సభకి ఒక వెబ్‌సైట్ ఉండేది. ఎండాకాలం వస్తే, ఏ మడుగులో నీళ్లున్నాయో అందులో చూసుకున్నాకే అందరూ బయల్దేరేవారు. ఆ సైటు బాగోగులు చూసే పని గంతులయ్య అనే కోతిది.

నేనూ ఆ జాతివాణ్నే, ఆ పనివాణ్నే. అందుకే ఇంత చనువుగా తిడుతున్నాను.

గంతులయ్యకి రాని షార్ట్‌కట్ లేదు. మౌస్ ముట్టుకోవడం నామోషీ అనుకునేవాడు. నెమలి ఈక మీంచి రంగు పట్టేది, గీతల మధ్య ఎడం కొలిచేది, పేజీ ఫోన్లో ఎలా ఉంటుందో చూపించేది, ఇలాంటి పనిముట్లన్నీ తెచ్చి బ్రౌజర్లో పెట్టుకున్నాడు. వాటిని సర్దుకోవడంతోనే పొద్దు గూకేది. మా ఇంట్లోనూ అంతే లెండి. పని మొదలెట్టే ముందు పనిముట్లకి పూజ, ఆ పూజ అయ్యేసరికి ఆకలి.

ఆ ఏడు ఉత్తరపు మడుగు ఎండిపోయింది. సైటులో మాత్రం నీళ్లు అక్కడే ఉన్నాయని ఉంది. సభాధ్యక్షుడు ఎలుగుబంటి గంతులయ్యని పిలిచి, అందరి ముందూ సరిచెయ్యమన్నాడు.

గంతులయ్య తోక విదిలించి ఒక మీట నొక్కాడు. పేజీ పొట్ట విప్పి చూపించే కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో ఏం మార్చినా ఉత్త ప్రయోగమే, మార్చినవాడి తెర మీదే కనిపిస్తుంది, రిఫ్రెష్ నొక్కి పేజీని మళ్లీ తెప్పిస్తే పోతుంది. అసలు ఫైలు విడిగా మార్చాలి. చూస్తుండగానే ఉత్తరం పోయి దక్షిణం వచ్చింది, అక్షరాలు నీలంగా మారాయి. సభ నోరెళ్లబెట్టింది. మెడలో దండ పడేసరికి మావాడు అసలు ఫైలు సంగతి శుభ్రంగా మర్చిపోయాడు.

మర్నాడు, సభకి రాలేకపోయిన బాలింత దుప్పి ఫోన్లో సైటు చూసుకుని, పిల్లని వెంటేసుకుని ఉత్తరానికి నడిచింది. అక్కడ తడి బురద కూడా లేదు. దాహానికి పిల్ల అడుగడుగునా కూలబడుతుంటే, ముట్టెతో లేపుకుంటూ ఎలాగో సభ దాకా తీసుకొచ్చింది.

గంతులయ్య ల్యాప్‌టాప్ తెచ్చాడు. నిన్నటి పేజీ అలాగే తెరిచి ఉంది. "నా దగ్గర బాగానే వస్తోందమ్మా," అన్నాడు. ఈ మాట మాకు ఉగ్గుపాలతో పట్టిస్తారు.

"నీ దగ్గర బాగానే వస్తుంది నాయనా. దాహం నా దగ్గర కదా ఉంది," అంది దుప్పి.

ఆ మాటకి కథ చెబుతున్న నాకే తల కొట్టేసినట్టయింది. ఎలుగుబంటి ముందుకొచ్చి తన లావుపాటి వేలితో రిఫ్రెష్ నొక్కాడు. దక్షిణం మాయమై ఉత్తరం తిరిగొచ్చింది. అది మాయమయ్యేలోపే దుప్పి చదివేసింది కాబట్టి సరిపోయింది. ఇంకెవరినీ ఏమీ అడక్కుండా పిల్లని లేపుకుని దక్షిణానికి నడిచింది.

సభ వెంటనే విచారణ జరిపింది. తప్పు కోతిది కాదు, రిఫ్రెష్‌ది అని తేలింది. ఇకమీదట అడవిలో ఎవరూ రిఫ్రెష్ నొక్కకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానాన్ని సైటులో అందంగా పెట్టే పని గంతులయ్యకే అప్పజెప్పారు.

పెట్టాడు కూడా. అతని తెర మీద ఇప్పటికీ ఉంది.

నీతి: మన తెర మీద నీళ్లుంటే అడవి మొత్తానికీ దాహం తీరినట్టే.