ఎర్ర చుక్క గడిలో వజీరాబీ

నాగరికతలన్నీ నీటి ఒడ్డునే పుట్టాయని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. సిద్దిపేటలోని ఆ గల్లీ నాగరికత మాత్రం వీధి నల్లా ఒడ్డున పుట్టింది. రోజు విడిచి రోజు మళ్ళీ పుడుతూనే ఉంటుంది. అలా అది పుడుతున్న ఒక పొద్దున, ఐదూ యాభైకి, సగం నిండిన బిందె పక్కన సింధూజ ఫోను మోగింది.

"శుభాకాంక్షలు! గగనసీమ మొబైల్స్ వారి అఖిల భారత యాప్ పోటీలో మీరు తుది దశకు ఎంపికయ్యారు."

సింధూజకు పెళ్ళయి నలభై రెండు రోజులు. భర్త నిఖిల్ టీలో చక్కెర వేయడం మరిచిపోయినా, తియ్యగానే ఉందని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించుకునే దశ. అలాంటి మనిషికి శుభవార్త కూడా వస్తే బిందె మీద ధ్యాస నిలుస్తుందా?

"ఇగో, ఇంటున్నవా! జల్ది రా!" అని కేకేసింది. (అత్తగారు నర్సమ్మ వరుసలో ఉండగా భర్తను పేరు పెట్టి పిలవరాదు.)

"ముందుగాల బిందె తియ్యి బేటీ. ఎన్క పదకొండు మంది ఉన్నరు," అంది వజీరాబీ. "సంబురం పక్కకు నిలవడి చేస్కో."

వజీరాబీది గల్లీలో మొదటి ఇల్లు. నల్లా ఆమె గడప ముందే. నీళ్ళు వచ్చే ముందు గొట్టం చిన్నగా దగ్గుతుంది. ఆ దగ్గు గల్లీ మొత్తంలో ఆమె ఒక్కతికే వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె కేక వేస్తే జనం లేచేవారు. కొత్త కోడలు సింధూజ వచ్చిన రెండో వారానికే ఆ కేకను యాప్‌గా మార్చింది. వజీరాబీ తన ఫోనులో ఒక బటన్ నొక్కుతుంది, నలభై ఇళ్ళ ఫోన్లు మోగుతాయి. యాప్ పేరు 'నల్లొచ్చింది'.

అంత చేసి, వజీరాబీ తన బిందె మాత్రం చివరనే పెడుతుంది. "వరుస జూసేది నేను. నా బిందె ముందుగాల పెడితే గల్లీ ఊకుంటదా?" అంటుంది.

యాప్ తయారైంది నిఖిల్ కాలేజీ రోజుల ల్యాప్‌టాప్‌లో. దాని మూత నిలబడదు కాబట్టి బియ్యం డబ్బాకు ఆనించి పని చేసుకోవాలి. (అన్నం వండే వేళకు సాఫ్ట్‌వేర్ రంగం మూతపడుతుంది.) పోటీలో మొదటి బహుమతి కొత్త ల్యాప్‌టాప్. అది వస్తే ఇంట్లోనే కూర్చుని ఊళ్ళో దుకాణాలకు యాప్‌లు చేసి పెట్టొచ్చు, తన సంపాదన తనకుంటుంది. సింధూజ కోరికల్లా అదే.

దరఖాస్తు నింపడమే పెద్ద పరీక్ష అయింది. 'మీ యాప్ ఏ కృత్రిమ మేధతో నడుస్తుంది?' అనే గడి పక్కన ఎర్ర చుక్క ఉంది. ఖాళీ వదిలితే ముందుకు పోనివ్వదు. 'ఏదీ లేదు' అని రాస్తే ఒప్పుకోలేదు. 'మనిషి' అని రాస్తే అలాంటి సాంకేతికత తమ జాబితాలో లేదంది. విసిగిపోయి 'వజీరాబీ' అని రాసింది. పచ్చ టిక్కు పడింది.

ఇప్పుడు తుది దశ. నిబంధన నాలుగు: యాప్‌ను గగనసీమ ఫోనులోనే నడిపి వీడియో పంపాలి. సిద్దిపేటంతా గాలిస్తే ఆ ఫోను ఒక్కటే దొరికింది, నాగేశ్ మొబైల్ షాపు అద్దాల వెనుక.

"అక్కా, గది బొమ్మ ఫోను," అన్నాడు నాగేశ్. "లోపల అట్టముక్కనే. కంపెనోళ్ళు గదొక్కటే పంపిన్రు."

నిఖిల్ యాప్ బొమ్మను రంగుల్లో ప్రింటు తీసి అట్ట ఫోను మీద అతికించాడు. సింధూజ వేలితో నొక్కుతూ వీడియో తీసింది. 'చాలా వేగంగా ఉంది, ఎక్కడా ఆగిపోలేదు' అని న్యాయనిర్ణేతలు పదికి పది వేశారు.

నిబంధన తొమ్మిది: ప్రజల ఓట్లు. ఓటు వేయాలంటే గగనసీమ వారి సొంత యాప్ ఎక్కించుకోవాలి. ఈ విభాగానికి నర్సమ్మ నాయకత్వం వహించింది. పెళ్ళి పత్రికలు పంచిన జాబితా ముందేసుకుని అక్కన్నపేట నుంచి జగదేవ్‌పూర్ దాకా ఫోన్లు చేసింది.

"పెండ్లికొచ్చి మూడు దినాలు తిన్నరు గద వదినా, గా బటన్ నొక్కనీకి ఏమైతది?"

నాలుగు వందల పన్నెండు ఓట్లు పడ్డాయి. (ఓటేసిన ప్రతివారికీ ఇప్పటికీ రోజుకు తొమ్మిది ప్రకటనలు వస్తున్నాయి. ఇద్దరు మేనత్తలు మాట్లాడటం మానేశారు.)

ఫలితాలు వచ్చాయి. మొదటి బహుమతి తొంభై వేల ఓట్లతో, దగ్గర్లోని గగనసీమ షోరూము ఎక్కడుందో చూపించే యాప్‌కు. తయారు చేసింది గగనసీమ మొబైల్స్. కొత్త గగనసీమ ఫోను ఎవరు ఆన్ చేసినా ఓటు దానంతటదే పడుతుంది. (వినియోగదారుకు శ్రమ లేకుండా.)

సింధూజ పోటీ న్యాయపరిరక్షణ విభాగానికి ఫోన్ చేసింది. ఉప ముఖ్య పరిరక్షకుడు లక్ష్మీరాజం ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"నిబంధన ఆరు ప్రకారం కంపెనీ ఉద్యోగులు పాల్గొనరాదమ్మా. కంపెనీ పాల్గొనరాదని ఎక్కడుంది?"

"మరి ఫిర్యాదు ఎక్కడ చేయాలండీ?"

"మా యాప్‌లోనే. ముందు ఐదు నక్షత్రాలు ఇస్తే ఫిర్యాదు పెట్టె తెరుచుకుంటుంది."

నల్లా దగ్గర ఈ సంగతి విని వజీరాబీ వరుస చూడటం ఆపి ఇటు తిరిగింది. "అంటే వాళ్ళే నల్ల ఇప్పి, వాళ్ళే ముందుగాల పట్టుకున్నరా?"

"అవు చాచీ."

"ఛీ. గంత ఆగంగ మా గల్లీల పోరగాళ్ళు గూడ చెయ్యరు."

ఆ సాయంత్రం నిఖిల్ మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఒకే పొట్లంలో తింటూ ఇద్దరూ ఓటమిని సగం సగం పంచుకున్నారు. ఆఖరి బజ్జీ దగ్గర మాత్రం ఎవరూ వెనక్కి తగ్గలేదు.

వారం తిరిగేసరికి కంపెనీ నుంచి మెయిల్‌లో ఉత్తరం వచ్చింది.

'నిబంధన పదిహేడు ప్రకారం పోటీకి వచ్చిన యాప్‌లన్నీ మావే. మీ యాప్‌ను దేశమంతటా విడుదల చేశాము. అన్నీ సక్రమంగా ఉన్నా ఒక్క ఫోనూ మోగడం లేదు. వజీరాబీ లేనందునే ఈ లోపమని మా నిపుణులు నిర్ధారించారు. అది ఎన్ని జీబీలో తెలియజేయగలరు. మా బృందం రేపు కొత్త ల్యాప్‌టాప్‌తో వస్తుంది. వజీరాబీని అందులోకి ఎక్కించి, ల్యాప్‌టాప్ మీరే ఉంచుకుని, నకలు మాకు ఇవ్వగలరు.'

సింధూజ నవ్వు ఆపుకోలేక బియ్యం డబ్బాను పట్టుకుంది. నిఖిల్ ఉత్తరాన్ని వజీరాబీకి చదివి వినిపించాడు.

"నేను యాడికీ ఎక్క. మోకాళ్ళ నొప్పులు," అంది వజీరాబీ. "రమ్మను. రేపు నల్లొచ్చే దినమే గద."

సింధూజ ల్యాప్‌టాప్ మూతను డబ్బాకు ఆనించి జవాబు రాసింది.

'రేపు పొద్దున ఐదున్నరకు రండి. వజీరాబీ నల్లా దగ్గరే ఉంటుంది. ల్యాప్‌టాప్‌తో పాటు ఒక ఖాళీ బిందె తెచ్చుకోండి. మా గల్లీ నిబంధన ఒకటి: నిర్వాహకుల బిందె అందరికంటే చివర. (నిబంధన రెండు లేదు.)'