లింబాద్రిని ఇంటికి చేర్చిన దొంగ తనఖా

దొంగ తనఖా కాగితాలు పుట్టించేవాళ్లను తిట్టకండి! గల్ఫ్‌లో ఉన్నవాణ్ణి ఊళ్లో ఇంత శ్రద్ధగా తలుచుకునేది వాళ్లు తప్ప ఇంకెవరు?

నమ్మరా? జెద్దాలో మా కంపెనీ మేస్త్రీ లింబాద్రి సంగతి వినండి. ఆర్మూరు దగ్గర ఆయనకో ఇల్లుంది. భార్య ఉమారాణికి గుండె ఆపరేషన్ చేయించాలని దాన్ని అమ్మకానికి పెట్టాడు. రిజిస్ట్రేషన్ వారం ఉందనగా, పక్కింటి పీరయ్య ఒక స్టాంపు కాగితం పట్టుకొచ్చాడు. ఆ ఇల్లు తనకు తనఖా ఉందట! కొనేవాడు హడలిపోయి తప్పుకున్నాడు. చేతిలో ఏదైనా పెడితే కాగితం చించేస్తానని పీరయ్య కబురు పంపాడు. ఎంత మర్యాదస్తుడు!

ఆ కాగితం నకలు లింబాద్రికి నేనే చదివి వినిపించాను. లింబాద్రి స్వయంగా వచ్చి, సాక్షుల ఎదుట సంతకం పెట్టాడని ఉంది. తేదీ? 1991 జనవరి 22!

ఆ వారం గుర్తుందా? రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయి. మేమిక్కడ కిటికీలకు టేపులు అంటించుకుని రేడియో ముందు కూర్చున్నాం. మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ మా పాస్‌పోర్టులన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. అలాంటి రోజున పీరయ్య లింబాద్రిని ఆర్మూరు చేర్చాడు! టికెట్ లేదు, దేశం దాటడానికి కఫీల్ ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్ లేదు, ఎయిర్‌పోర్టులో క్యూ లేదు! ఏ ప్రభుత్వం చేయగలదండీ ఈ పని?

"ఆ దినం నేను ఈడనే ఉన్ననని రుజువు జెయ్యాలె సార్, జర పాస్‌పోర్టు ఇప్పియ్యుండ్రి" అన్నాడు లింబాద్రి.

వెళ్లి అడిగాం. "బుక్రా" అన్నాడు కఫీల్. రేపు అని అర్థం. ఆ రేపటికి ఐదు నెలలు దాటాయి. పీరయ్య కూడా ఒకప్పుడు ఈ కఫీల్ దగ్గరే పనిచేసి పోయినవాడు. రుజువు ఎక్కడుంటుందో, ఎందుకు బయటికి రాదో ఆయనకు తెలియదా? అనుభవమంటే అదీ!

మొన్న ఉమారాణి మాటలు నింపిన క్యాసెట్ ఒకటి ఊరి మనిషి తెచ్చాడు. లింబాద్రి నన్నూ కూర్చోమన్నాడు.

"పీరయ్య కాయితంల నువ్వు ఊరికొచ్చినవని ఉన్నదంట గదా. నాలుగేండ్లాయె నిన్ను సూడక. అచ్చినోనివి, ఇంట్లకచ్చి నా మొఖం సూసి పోతే ఏం పోయె?"

నవ్వుతూనే అంది. మధ్యలో ఆయాసం వినిపించింది. లింబాద్రి టేపు ఆపేశాడు.

పీరయ్య దొంగే, ఒప్పుకుంటాను. కానీ ఆ మనిషిని భార్య దగ్గరికి వెళ్లనివ్వనిది పీరయ్య కాదు కదండీ!