సీలు విప్పని నూనెదొంగ

ఆ ఉదయం స్టోర్‌కీపర్ పథకం చాలా చిన్నది. మేనేజర్ మేడం తనిఖీకి వచ్చేలోగా ఆస్పత్రి క్యాంటీన్ సరుకంతా ఒకసారి తూచుకోవాలి. తర్వాత తల దువ్వుకోవాలి. ఇన్నాళ్లూ తాత్కాలికంగా చేస్తున్న ఉద్యోగం ఖాయమవుతుందో ఊడుతుందో ఈ తనిఖీలోనే తేలుతుంది.

బియ్యం సరిపోయింది. పప్పు సరిపోయింది. పదిహేను లీటర్ల నూనె డబ్బాను కాటా ఎక్కించి, ఖాళీ డబ్బా బరువు తీసేసి చూశాడు. పదమూడు కిలోల ఆరువందల యాభై గ్రాములు.

లీటరంటే కిలో అన్నది చిన్నప్పుడు నీళ్ల పాఠంలో నేర్చుకుని, ఆనాటి నుంచీ సమస్త ద్రవాలకూ అతను వర్తింపజేస్తున్న సూత్రం. ఆ లెక్కన కిలోంపావు పైనే మాయం!

రెండో డబ్బా తూచాడు. అదే బరువు. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. సీళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. సీలు విప్పకుండా, నాలుగు డబ్బాల్లోంచీ గ్రాము తేడా రాకుండా లాగేశాడంటే వీడు మామూలు దొంగ కాడు.

నిన్న వాటిని వ్యాన్‌లో తెచ్చి దింపినవాడు స్వయానా బావమరిది. స్టోర్‌కీపర్ వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

“మీ తమ్ముడు నిన్న ఇంటికి నూనె గానీ తెచ్చాడా?”

“తెచ్చాడు, రెండు ప్యాకెట్లు. అక్కకి పెట్టకూడదా ఏం?”

“పెట్టాడే, పెట్టాడు! నా ఉద్యోగానికి పొగ పెట్టాడు! ఇంట్లో ఉన్న నూనెంతా పట్టుకుని ఉన్నపళంగా రా.”

కాసేపటికి ఆమె చేతిసంచీతో దిగింది. వెనకే తమ్ముడు, ముఖం కందగడ్డలా చేసుకుని.

“బావా, నన్ను దొంగంటావా? కొట్లో కొన్నాను. కావాలంటే కొట్టువాణ్ణి పిలిచి అడుగు!”

“అరవకురా నాయనా! ముందు ఈ మూత పట్టుకో.”

“ఏవండీ, తలకి రాసుకునేది కూడా తెచ్చాను. అదీ పొయ్యమంటారా?”

“అదొద్దే తల్లీ!”

సీలు తెంచి పోయడం మొదలుపెట్టారు. కాటా మీద అంకె పద్నాలుగు దాటింది. నూనె డబ్బా అంచు మీదికొచ్చి తొంగిచూసింది.

“నిండిపోయిందండీ.”

“ఎలా నిండుతుందే? ఇంకా ముప్పావు కిలో తగ్గితేనూ! పొయ్యి!”

ఉన్నదంతా పోసింది. నూనె డబ్బా దిగి, కాటా దిగి, తీరిగ్గా గుమ్మం వైపు నడిచింది. సరిగ్గా అప్పుడే మేనేజర్ మేడం లోపలికి అడుగుపెట్టింది. పెట్టిన అడుగు పెట్టినచోట ఆగలేదు. గుమ్మం నుంచి బియ్యం బస్తాల దాకా ఆమె ప్రయాణం నిలువుకాళ్ల మీదే సాగింది.

“ఏం జరుగుతోందిక్కడ?” బస్తాను కావలించుకునే అడిగింది.

స్టోర్‌కీపర్ డబ్బాకి అడ్డంగా నిలబడ్డాడు. “దొంగతనం మేడం. ప్రతి డబ్బాలోనూ కిలోంపావు పైనే తగ్గింది. ఉద్యోగం పోతుందని... ఇంటి నూనె తెచ్చి పూడుస్తున్నాను.”

ఈలోగా బావమరిది ఒక డబ్బాను ఇటు తిప్పాడు. వరుస అందంగా కనిపించాలని నిన్న స్టోర్‌కీపరే రాతలున్న వైపు గోడకేసి పేర్చాడు. తూచేటప్పుడు అతని కళ్లన్నీ కాటా మీదే ఉన్నాయి.

“చదువు బావా.”

‘పదిహేను లీటర్లు. బరువు 13.65 కిలోలు.’

“నూనె నీళ్లకన్నా తేలికండీ మహానుభావా,” అంది మేడం. “అందుకేగా నీళ్లమీద తేలుతుంది!”

ఆమె చెప్పులు విడిచి, గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం చేరింది.

“స్టోరులోంచి ఇంటికి నూనె మోసేవాళ్లని చాలామందిని పట్టుకున్నాను. ఇంట్లోంచి స్టోరుకి మోసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. మీ ఉద్యోగం ఖాయం. ముందు నేల తుడవండి. ఆ కాటా మాత్రం ఇక ముట్టుకోకండి.”

ఆ సాయంత్రం బావమరిదిని బతిమాలి విందుకు పిలిచారు. అన్నీ ఉడకబెట్టినవే.