ముళ్లపందికి శాలువా

అడవి చాలా పెద్దది. అందులో జరిగే మంచి పని మాత్రం ఒక్కటే, అదీ చిన్నది. ఎవరింట్లోనైనా జబ్బు తగ్గో, జబ్బుమనిషి పోయో మందులు మిగిలిపోతే, వాటిని తెచ్చి ఎలుగు డాక్టరుకి ఇచ్చేసేవారు. ఆయన సీలు చూసి, గడువు తేదీ చూసి, అవే మందులు కావలసిన వాళ్లకి ఊరికే ఇచ్చేవాడు. సభల్లేవు, సంఘాల్లేవు. పని సవ్యంగా జరిగిపోతోంది కాబట్టి పెద్దలెవరికీ ఈ సంగతి తెలీలేదు.

తెలిసిన రోజున కొంప మునిగింది.

నక్క వెళ్లి సింహం చెవిలో వేసింది. "ప్రభూ, మన అడవిలో ఇంత దానం జరుగుతోంది. ఒక్క ఫొటో లేదు!"

సింహానికి ప్రాణం ఉసూరుమంది. మర్నాటికల్లా మందుల మహాదాన సంఘం పుట్టింది. సింహం అధ్యక్షుడు, నక్క కార్యదర్శి. ఇకపై మందులు చేతి నుంచి చేతికి మారకూడదు. ఇచ్చేవాళ్లు శాలువా కప్పించుకుని ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్లు సభనాడు వేదికెక్కి పుచ్చుకోవాలి. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ పుచ్చుకోకూడదు. దానానికి మచ్చట!

సరిగ్గా అప్పుడే ముళ్లపంది సూదమ్మ మొగుడు పోయాడు. ఆయన మూర్ఛ మాత్రల డబ్బా ఒకటి సీలు తియ్యకుండా మిగిలింది. పొరుగింటి జింక చుక్కమ్మ కూతురిదీ అదే జబ్బు. పిల్ల మాత్రలు అయిపోవచ్చాయి. కొత్తవి ఆ అడవికి ఎప్పుడొస్తాయో వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

సూదమ్మ డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"ఆ పిల్లకి పనికొచ్చే మందే తల్లీ, మోతాదు నేను చెబుతాను. కానీ నా చేతులు కట్టేశారు. సంఘానికే వెళ్లు," అన్నాడు డాక్టరు తల దించుకుని.

సంఘం ఆఫీసులో నక్క నవ్వుతూ ఎదురొచ్చింది. శాలువా తీసి సూదమ్మ వీపున కప్పింది. అది పర్రున చిరిగింది. ఇంకోటి కప్పింది. అదీ చిరిగింది.

"శాలువా వద్దు బాబూ, పిల్ల ప్రాణం మీదికొచ్చింది. మందు పుచ్చుకోండి చాలు," అంది సూదమ్మ.

"ఎలా కుదుర్తుందమ్మా? పీలికలతో ఫొటో వస్తే ప్రభువుల పరువేం కాను? డబ్బా బీరువాలో ఉంచుతాను. నీకు సరిపడే ముతక గొంగళి తెప్పిస్తాం. అప్పుడు దర్జాగా ఇద్దువుగాని."

సూదమ్మకి ఒళ్లు మండిపోయింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. డబ్బా మాత్రం అద్దాల బీరువాలోకి వెళ్లి కూర్చుంది.

బీరువా చూడ్డానికొచ్చిన సింహం మూతి ముడిచింది. "ఒక్క డబ్బాయేనా? బోసిగా ఉందయ్యా!"

నక్క వెంటనే చాటింపు వేయించింది. అందరికంటే ఎక్కువ మందులిచ్చినవాళ్లకి 'ఔషధ కర్ణ' బిరుదు ఇస్తారట. ఇంకేముంది, ఆ రోజు నుంచి అడవిలో మందు మింగినవాడు లేడు.

"ఏం ఏనుగు బాబాయ్, కుంటుతున్నావేం?" అని అడిగింది సూదమ్మ.

"కీళ్ల మాత్రలు దాస్తున్నానమ్మా, దానానికి," అంది ఏనుగు గర్వంగా, ఇంకో అడుగు వెయ్యలేక.

కోతి దగ్గుమందు ఇచ్చేసి దగ్గుతూ తిరిగింది. దున్నపోతు రక్తపోటు మాత్రలు ఇచ్చేసి కనబడ్డవాడినల్లా కుమ్మింది. బిరుదు ఎవడో తన్నుకుపోతాడన్న బెంగతో సింహం తన గుండె మాత్రలన్నీ ఇచ్చేసింది. బీరువా నిండింది. అందరూ శాలువాలు కప్పుకుని మూలుగుతున్నారు.

చుక్కమ్మ ఒక్కతే రోజూ వచ్చి, అద్దంలోంచి ఆ డబ్బా వంక చూసి వెళ్లేది. ఇంటి దగ్గర మాత్రలు అయిపోయాయి. పిల్లకి అప్పుడే ఒకసారి మూర్ఛ వచ్చిపోయింది. 

సభ రోజు వచ్చింది, బీరువా కూడా వేదిక మీదికి వచ్చింది, గొంగళి మాత్రం రాలేదు. సింహం బిరుదు తనకే ఇచ్చుకుని ఉపన్యాసం ఎత్తుకుంది. త్యాగం గురించి చెబుతూ చెబుతూ గుండె పట్టుకుని కూలబడిపోయింది.

"బీరువా తియ్యండి! ప్రభువుల మాత్రలు!" అని నక్క కేకలు పెట్టింది.

సూదమ్మ అప్పటికే బీరువాకి అడ్డంగా నిలబడింది. ముళ్లన్నీ సభ వైపు విప్పింది.

"అయ్యో, ప్రభువులు దాత కదా బాబూ! దాత పుచ్చుకోకూడదని మీరే అన్నారు. ఆయన దానానికి మచ్చ తెస్తారా?"

"చచ్చిపోతున్నారమ్మా!"

"పిల్లలు చచ్చిపోతుంటే గొంగళి కోసం ఆగొచ్చు గాని, ప్రభువులు కాస్త ఆగలేరా?"

సింహం ఆయాసపడుతూ పంజా ఎత్తింది. "రద్దు... ఆ నిబంధనలన్నీ రద్దు!"

సూదమ్మ పక్కకి జరిగింది. ఎలుగు డాక్టరు ఒక చేత్తో సింహం నోట్లో మాత్ర వేశాడు, రెండో చేత్తో డబ్బా తీసి చుక్కమ్మకి ఇచ్చి మోతాదు చెప్పాడు. సాయంత్రం దాకా కూర్చుని ఎవరి మందులు వాళ్లకే తిరిగిచ్చాడు. ఒక్క పూటలో అడవిలో అందరికీ మందులు పంచిన ఘనత తమదేనని సంఘం ప్రకటించుకుంది. కార్యదర్శికి ఇంకో శాలువా కప్పారు.

తర్వాత ఎప్పుడో గొంగళి వచ్చింది. సూదమ్మ దాన్ని చుక్కమ్మ కూతురు పడుకోడానికి పరిచింది. పిల్ల హాయిగా నిద్రపోయింది. మందులు మళ్లీ ఎలుగు డాక్టరు గుహలో చేతులు మారుతున్నాయి, ఈసారి గుహ తలుపు వేసుకుని.

నీతి: మంచి పని చేస్తే దొంగతనంగా చెయ్యాలి, పెద్దలకి తెలిస్తే సాయం చేసేస్తారు.